బుగులంత ఇంటికొచ్చే తొవ్వలనే ఉండె

మన్ననూరు చెక్‌పోస్టు గేటు రాత్రి 9 గంటలకు పడుతది, పొద్దుగాల 6 గంటలకు లేస్తది. శ్రీశైలం తొవ్వ ఇక్కడి నుంచి పులుల అడవి నడుమ పోతది కాబట్టి రాత్రంత అది జంతువుల సొంతం. ఈ సంగతి తెల్వక హైదరాబాదుల అర్ధరాత్రి బయలెల్లినోళ్లు మబ్బుల 3, 4 గంటలకే వచ్చి గేటు ముందర వరుస కడతరు. నా చాయ్ హోటల్ గేటుకు జర ఇవతల. పొయ్యి ముట్టిచ్చి తలెత్తి చూస్తే, వరుసల ఉన్న ప్రతి కారు అద్దం ఎన్క ఒక నీలం మెరుపు. ఫోన్లు.

మొన్న ఒక కారు దగ్గరికి చాయ్ తీస్కపోయి అద్దం మీద టకటక కొట్టిన. లోపలి పోరడు సీట్ల నుంచి మూరెడు లేసిండు. చెవులల్ల తెల్లటి బిరడాలు, చేతిల ఫోను, ఫోన్ల జుట్టు ఇరబోసుకున్న ఆడమనిషి.

"ఏంది తాతా, పానం పోయేటట్టు చేస్తివి!"

"చాయ్ అడిగితివి కద బిడ్డా."

గుటక మింగి, గిలాస తీసుకొని, అడవి దిక్కు చూడకుండనే అడిగిండు: "ఈడ దెయ్యాలుంటయా?"

"ఎలుగుబంట్లుంటయి" అన్న.

దెయ్యాలు లేవని తెలిసినంక వానికి ధైర్యం వచ్చినట్టుంది. అద్దం ఎక్కిచ్చుకొని మల్ల ఫోన్ల పడ్డడు.

అమ్రాబాద్ పులుల అడవి 2,611 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, ఎలుగు తిరిగే అంత చీకటి వాని అద్దానికి అవతల జానెడు దూరంల ఉన్నది. వాడేమో అరచేయంత చీకటిని చూసి జడుసుకుంటున్నడు. నాకు ఒళ్లు మండింది. నీకెందుకు మండాలె అని అడుగుతరేమో. బుగులు అమ్ముడు ఒకప్పుడు నా కూటి విద్య. ఆ కథకు జర వెనక్కి పోవాలె.

"జగన్మోహిని" వచ్చిన ఏడు 1978. నాకు 18 ఏండ్లు. మాకు సినిమా అంటే ఘాటు దిగి, హాజీపూర్ దాటి అచ్చంపేట పోవుడే. ముగ్గురం దోస్తులం ఇండ్లల్ల చెప్పకుండ సెకండ్ షోకు పోయినం. విఠలాచార్య సినిమా అంటే మాకు పండుగ. ఆయన ఉడుపి దిక్కు మనిషి, పుట్టింది 1920ల. అయినా తెలుగు దెయ్యాలకు ఆయనే ఇల్లు కట్టిండు, బట్టలు కుట్టిచ్చిండు, నవ్వుడు నేర్పిండు. ఎక్కువ తక్కువ మాట్లాడే నటుడు ఉంటే వాని పాత్రను కథల మేకనో చిలుకనో చేసి మిగిలిన సినిమా గడుపుకునేటోడని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటరు. నిజమో అబద్ధమో ఆయనకే ఎరుక, కని చూస్తే నమ్మబుద్ధి అయితది.

"జగన్మోహిని"ల దెయ్యం జయమాలిని. సంసారం చేయాలని ఆశపడే దెయ్యం. పొయ్యిల కట్టెలు లేకుంటే తన కాళ్లే పొయ్యిల పెట్టి వంట చేస్తది. టాకీసంత ఒకటే నవ్వులు, ఈలలు. బెంచీల ఉన్నోడు ఎవడూ జడుసుకోలే. మేము కూడ జడుసుకోలే. సినిమా అయిపోయింది, బయటికొచ్చినం, బీడీలు ముట్టిచ్చుకున్నం, జయమాలిని గురించి మాట్లాడుకున్నం. అప్పటిదాక అంత బాగనే ఉండె.

బస్సు లేదు. అడివిలకు ఖాళీగ పోయే వెదురు లారీ ఒకటి దొరికింది. ఎన్కకు ఎక్కినం. మాతోని పాటు ఒక చెంచు పెద్దమనిషి, మూటకు తల ఆనిచ్చి పండుకున్నడు. హాజీపూర్ దాటి ఘాటు ఎక్కుడు మొదలు కాంగనే లారీ ఎన్క తలుపు గొలుసు కొట్టుకొనుడు మొదలుపెట్టింది. గల్లు. గల్లు. గల్లు. ఏ మలుపుల చూసినా అదే సప్పుడు. ఎవ్వలం మాట్లాడతలేం. టాకీస్ల ఈలలు ఏసినోడు నా అంగి కొస పట్టుకున్నడు. అంతల ముంగట తొవ్వ నడుమ, నేల మీద, రెండు ఎర్రటి కండ్లు. మనిషి లేదు, ఒళ్లు లేదు, వట్టి కండ్లే. లారీ దగ్గరికి పోంగనే లేసి మొగులుకు ఎగిరినయి.

మా వాడు కేక పెట్టిండు. చెంచు పెద్దమనిషి లేసి కూసుండు. సంగతి చెప్పినం. ఆయన నవ్విండు. "రాత్రిపిట్ట. తొవ్వ మీది ఎచ్చకు కూసుంటది. దానికి మిమ్మల్ని చూస్తే బుగులు" అన్నడు. మల్ల జర సేపాగి, "దెయ్యం కరవదు. ఎలుగు కరుస్తది. దిగినంక మాట్లాడుకుంట నడువుండ్రి" అన్నడు, పండుకున్నడు.

దిగినంక మాట్లాడుకుంట నడిచినం. ఏం మాట్లాడినమో తెల్వదు, ఆగకుండ మాట్లాడినం. ఇంటికొచ్చి, సప్పుడు చేయకుండ మూలకు మంచం ఏసుకున్న. ఆ రాత్రి కాళ్లు పొయ్యి దిక్కు పెట్టి పండుకోలే.

నేను చెప్పేది గిదే. రెండున్నర గంటల సినిమాల లేని బుగులు, గంట తొవ్వల వచ్చింది. విఠలాచార్య సగమే తీసిండు. కడమ సగం ఘాటు తీసింది, లారీ గొలుసు తీసింది, పిట్ట తీసింది. ఇప్పుడు ఆ కడమ సగం ఎక్కడున్నది? సినిమా అయిపోతది, ఫోను బోర్లేస్తరు, ఆ పక్కకు తిరిగి పండుకుంటరు. తొవ్వ లేని దెయ్యం అది. ఎక్కడికని వస్తది?

మా రోజుల్ల దెయ్యం సినిమా చూసుడుకు మంది కావాలె. ఇది నేను లాభానికి చెప్తలేను, అనుభవంతో చెప్తున్న. 80లల్ల అచ్చంపేటల ఒకాయన దగ్గర కలర్ టీవీ, క్యాసెట్లు ఏసే వీసీపీ కిరాయికి తెచ్చి ఈ గుట్ట మీది పదర ఊర్లకు తిప్పేది నేను. టీవీని గడ్డి మీద పెట్టి ఎడ్లబండిల తీస్కపోయేది, పసిపిల్లను తీస్కపోయినట్టు. కరెంటు నమ్ముకునేది కాదు, జనరేటరు కూడ మోసేది. మనిషికి రూపాయి. రెండు సినిమాలు: మొదటిది భక్తిదో కుటుంబందో, ముసలోళ్లు పండుకున్నంక రెండోది నాది. అంటే దెయ్యంది.

క్యాసెట్టు సంగతి ఇప్పటి పోరగాండ్లకు చెప్తే కథ అనుకుంటరు. వీసీపీ హెడ్డుకు దుమ్ము పడితే బొమ్మ మీద తెల్ల గీతలు పడుతుండె. స్పిరిటు గుడ్డతోని తుడవాలె. ట్రాకింగ్ బుడ్డి తిప్పుతూ ఒక చెయ్యి మిషన్ మీదనే ఉంచాలె. మాకొచ్చే క్యాసెట్టు అసలుది కాదు. కాపీకి కాపీ, దానికి మల్ల కాపీ. మూడో కాపీ వరకు హీరోయినూ దెయ్యమూ ఒకటే తీరు తెల్ల నీడ లెక్క కనపడుతుండె. జనం ముంగటికి వంగి, కండ్లు చిన్నగ చేసి, అది ఎవలు, అది ఏంది అని ఎతికేది. ఆ ఎతుకుడులనే బుగులు పుట్టేది. మా మనుమరాలు ఇప్పుడు పెద్ద టీవీల చూపెడితే దెయ్యం మొఖం మీద రంగు యాడ మొదలైతదో, యాడ అయిపోతదో కనపడుతుంది. మేకప్ చేసినోని చెయ్యి కనపడినంక ఇగ దెయ్యం ఏముంది?

"ఈవిల్ డెడ్" క్యాసెట్టు కూడ తిప్పిన. 1981ల అమెరికాల వచ్చిన సినిమా, మా దిక్కు వచ్చేసరికి ఏండ్లు పట్టింది. ఇంగ్లీషు ఒక్క ముక్క ఎవ్వలకు రాదు. అడివి నడుమ గుడిసె, అయిదుగురు పోరగాండ్లు, చెట్లు మనుషులను పట్టుకునుడు. అడివి నడుమ ఉన్నోళ్లకు ఇగ తర్జుమా ఎందుకు? అట్లాంటి క్యాసెట్ల మీద ఇంగ్లండుల పెద్ద గొడవ లేసి 1984ల చట్టమే తెచ్చిన్రంట. ఈ సంగతి మా మనుమరాలు చెప్తే తెలిసింది. మా దగ్గర చట్టం లేకుండె. పిలగాండ్లను నేనే ఎల్లగొట్టేది. వాండ్లు పోయి యాపచెట్టెక్కి చూసేది. ఇప్పుడు 2021 రూల్సు ప్రకారం ఫోన్లల్ల వచ్చే సినిమా మూలకు 13 ఏండ్లు, 16 ఏండ్లు అని రాస్తరు. రాసుడు రాస్తరు, చెట్టు మీద ఉన్నోన్ని దించేటోడు లేడు. నేను కూడ దించలేదులెండి, నిజం చెప్పాలె.

అసలు సినిమా కంటే ఎక్కువ మాకు బుగులు పెట్టింది ఒక సీరియల్. యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం", ఆంధ్రభూమి వారపత్రికల. తులసి అనే చిన్నపిల్ల మీద కాష్మోరా ప్రయోగం. మా దగ్గర సదువచ్చినోడు ఒక్కడు సదివితే పదిమంది అరుగు మీద వినేది. హేతువాదులు తిట్టిన్రు, జనం సదివిన్రు. దాని ఎన్క వచ్చిన "తులసి"తోని 1986ల "కాష్మోరా" సినిమా తీసిన్రు. రాజేంద్రప్రసాద్, భానుప్రియ. క్యాసెట్టు నేను తిప్పిన, పైసలొచ్చినయి, కని అరుగు మీది బుగులు రాలే. వారం రోజులు ఆగాలె కద! ఆ వారంల ఎవని పిల్లకు జరమొచ్చినా కథ ముంగటికి పోయేది. ఇప్పుడు పది భాగాల సీరీసును ఒక్క రాత్రిల మింగుతరు. దెయ్యం మన ఇంట్ల వారం రోజులు ఉంటే కద మనకు దాని అలవాట్లు తెలిసేది.

ఇగ రాంగోపాల్ వర్మ. ఆ మనిషి తర్వాత ఏం చేసిండో నాకు అక్కర లేదు, "రాత్రి" కోసం ఆయనకు ఒక దండం పెట్టొచ్చు. 1992. అప్పటిదాక దెయ్యం ఉండాలంటే పాడుబడ్డ బంగ్లా కావాలె, గబ్బిలాలు కావాలె, తెల్లచీర కావాలె. ఆయన అవన్నీ పక్కకు నూకి, మామూలు సంసారులుండే మామూలు ఇంట్లకు తీసుకొచ్చిండు. రేవతి మామూలు కాలేజీ పిల్ల. దెయ్యం కంటే సప్పుడు ముందొస్తది. ఆ నేపథ్య సంగీతం మణిశర్మది, అప్పటికి ఆయన కొత్తోడు. క్యాసెట్టుల చూస్తే సగమే తెలిసింది. టాకీస్ల చూసినంక తెలిసింది, మనల్ని జడిపిచ్చేది కన్ను కాదు చెవి అని. 1996ల "దెయ్యం" తీసిండు, ఊరవతల ఫామ్‌హౌసు. అదీ మంచిదే. 2008ల "ఫూంక్" అప్పుడు, టాకీస్ల ఒక్కడే కూసొని చూసినోనికి 5 లక్షలు ఇస్తానని పందెం పెట్టిండు. అప్పుడు అది పెద్ద వార్త. ఇప్పుడు పెడితే ఊరు ఊరంత గెలుస్తది. ఎవలు ఒంటరిగ చూస్తలేరు?

నడుమల "అమ్మోరు" ఒకటి ఉన్నది. 1995. కోడి రామకృష్ణ. అది దెయ్యం సినిమా కాదంటరు, అమ్మవారి సినిమా అంటరు. గోరఖ్ పాత్రల రామిరెడ్డిని చూసినోడెవడూ ఆ మాట అనడు. టాకీస్ల ఆడోళ్లకు పూనకాలు నేను కండ్లారా చూసిన. పర్ద ముంగట కొబ్బరికాయలు కొట్టిన్రు. అదే కోడి రామకృష్ణ 2009 సంక్రాంతికి "అరుంధతి" ఇచ్చిండు. అందరు అనుష్క అంటరు, సోనూసూద్ అంటరు. నేను రవిశంకర్ అంట. పశుపతికి గొంతు ఇచ్చింది ఆయన. కండ్లు మూసుకొని విన్నా ఆ సినిమా నడుస్తది. దాంట్ల చూపెట్టిన కోట, కృష్ణా నదికి ఆవల బనగానపల్లెల ఉన్న నవాబు బంగ్లా; ఇప్పుడు జనం దాన్ని అరుంధతి కోట అంటరు. నవాబు పేరు పోయింది, దెయ్యం పేరు మిగిలింది.

ఆ తర్వాత మా దెయ్యాల కొంప మునిగింది. 2013ల "ప్రేమ కథా చిత్రమ్" ఆడింది. బాగనే నవ్వినం. అది ఆడిందని ఇగ అందరు దెయ్యాలకు జోకులు నేర్పిచ్చిన్రు. ప్రతి సినిమాల నలుగురు బక్కోళ్లు, ఒక లావోడు, ఒక బంగ్లా. దెయ్యం వచ్చి చెంప మీద కొట్టుడు, వాడు గోడకు తగులుడు. విఠలాచార్య దగ్గర కూడ నవ్వు ఉండె, కని దెయ్యాన్ని చూసి నవ్వేది కాదు, దెయ్యంతోని నవ్వేది. ఒక్క "ఆనందో బ్రహ్మ"కు మాత్రం మాఫీ. మనుషులను చూసి దెయ్యాలు జడుసుకునుడు 2017ల సినిమావాళ్లకు తట్టింది. చెంచు పెద్దమనిషి అప్పుడే చెప్పిండు, పిట్ట గురించి.

అడివి మీద సినిమావాళ్లకు ఏం పగనో నాకు సమజ్ కాదు. పర్ద మీద అడివి కనపడ్డదంటే పక్కపొంటి క్షుద్రపూజ ఉండాలె, పుర్రెలు ఉండాలె, మొఖానికి రంగు పూసుకున్న గిరిజనుడు ఉండాలె. మా చెంచులకు లింగమయ్య ఉన్నడు, సలేశ్వరం జాతర ఉన్నది, తేనె తీయనీకె తాడు మీద లోయలకు దిగుతరు. తాడు తెగుతదేమోనన్న బుగులు వాండ్లకు తెలుసు. పుర్రె సంగతి వాండ్లకు తెల్వదు. మాకు నిజంగ బుగులైన రోజులు వేరే ఉన్నయి. నక్సలైట్ అన్నలూ పోలీసులూ తిరిగిన ఏండ్లల్ల పొద్దుమీకినంక కుక్క మొరిగితే దీపం ఆర్పేది. నా జనరేటరు కూడ అప్పుడే మూలకు పడ్డది. చీకట్ల అంత సప్పుడు ఎవడు చేస్తడు? 2019ల యురేనియం సర్వే అన్నప్పుడు ఈ పదర మీద ముసలి ముతక రోడ్డెక్కింది. ఆ బుగులు ఏ క్యాసెట్టులా దొరకదు.

ఇంకొకటి చెప్పాలె. చెప్పకుండ దాటేద్దామనే అనుకున్న.

ఒక ఊర్ల, పేరెందుకు, చేతబడి సినిమా ఒకటి ఏసిన. మంది మస్తుగ వచ్చిన్రు. నాలుగు దినాలకు ఆ ఊర్ల ఒక పిలగానికి జరం తగ్గలే. ఊరి కొసకు ఒక ముసలామె ఒక్కతే ఉండేది, మొగుడు లేడు, పిల్లలు లేరు. సినిమాల ముసలిదానికీ ఈమెకూ ఏం పోలిక లేదు, తెల్ల వెంట్రుకలు తప్ప. ఆమె ఇంటి ముంగట నిమ్మకాయ కనపడిందని ఒకడు అన్నడు, రాత్రి దీపం ఎలుగుతదని ఇంకొకడు. పంచాయితీ పెట్టిన్రు. నన్ను కూడ పిలిచిన్రు, ఎందుకంటే ఆ సినిమా తెచ్చింది నేను. ఒక పెద్దమనిషి నన్ను నిలబెట్టి అడిగిండు: "నువ్వు చూపెట్టింది నిజమా, కల్పితమా?" కల్పితం అన్న. "గట్టిగ చెప్పు" అన్నడు. గట్టిగ చెప్పిన. పిలగానికి దవాఖానల మలేరియా అన్నరు, బతికిండు. ముసలామెను ఎవ్వలు కొట్టలే, అంతవరకు నయం. కని నెల తిరగకముందే ఆమె గిన్నెలు, గొంగడి మూటగట్టుకొని తమ్ముని ఊరికి పోయింది. మల్ల రాలే. ఆ ఊర్ల నేను మల్ల టీవీ దించలే.

తెలంగాణ పల్లెల్ల చేతబడి అనుమానంతో మనుషులను కొట్టుడు, సంపుడు కొత్త కాదు, పాతబడ్డదీ కాదు. పేపర్ల ఇప్పటికీ చూస్తున్నం. అటువంటి కాలంల చేతబడి సినిమాలకు మల్ల గిరాకి వచ్చింది. "మా ఊరి పొలిమేర" 2021ల టాకీస్‌కే రాకుండ సీదా హాట్‌స్టార్‌ల దిగింది. దాన్ని ఇంట్ల ఇంట్ల ఫోన్లల్ల ఎంత చూసిన్రంటే, రెండో భాగం 2023ల టాకీస్‌లకు వచ్చింది. బాగ తీసిన్రు, కాదనను. సత్యం రాజేష్‌ను కామెడీ చేసే పిలగాడనే అనుకున్న ఇన్నొద్దులు. "విరూపాక్ష" కూడ 2023లనే వచ్చింది. దాంట్ల రుద్రవనం అనే ఊరుకు అష్టదిగ్బంధనం ఏస్తరు, ఎవ్వలు బయటికి పోవద్దు, లోపలికి రావద్దు. నేను నవ్వుకున్న, మా ఊరికి రోజూ రాత్రి 9కి అదే కద, మేము పులుల కోసం ఏసుకుంటం. సినిమాల మీద నాకు కోపం లేదు. నాకున్న అనుమానం ఒక్కటే. అప్పుడు పంచాయితీల నిలబెట్టి అడగనీకె నేనొకన్ని దొరికిన. ఇప్పుడు ఊరి కొసకు ఒంటరిగ ఉన్న ముసలామె మీద మాట పుడితే ఎవన్ని నిలబెడతరు? ఫోనునా?

ఇదంత మా మనుమరాలికి చెప్పిన, మొన్న దసరకు వచ్చినప్పుడు. హైదరాబాదుల ఇంజినీరింగ్ సదువుతది. దెయ్యం సినిమాలంటే పానం. అర్ధరాత్రి దుప్పటి కప్పుకొని, చెవులల్ల బిరడాలు పెట్టుకొని ఒక్కతే చూస్తది. చూసుడు కూడ ఎట్ల? నచ్చకుంటే వేలు పెట్టి 10 సెకండ్లు ముంగటికి నూకుతది. ఏమొస్తదో తెలిస్తే ఇంక 10. నేను ట్రాకింగ్ బుడ్డి మీద చెయ్యి ఏసి ఒక్క సెకండు కూడ పోనియ్యకపోతుంటి. ఇది దెయ్యాన్ని ఎల్లగొట్టినట్టు ఎల్లగొడుతుంది. మా దగ్గర సిగ్నల్ అంతంతే కాబట్టి దెయ్యం తలుపు తెరిచే యాళ్లకు నడుమ బొంగరం తిరుగుడు మొదలైతది. అప్పుడు మాత్రం నా పానం సల్లబడుతది. నా జనరేటరు కూడ గదే యాళ్లకు ఆగిపోయేది.

"మీ రోజుల్ల అని అంటవు గని తాతా, నువ్వు జగన్మోహినిల చూసింది దెయ్యాన్ని కాదు. జయమాలినిని" అన్నది.

వాళ్లవ్వ ముంగటనే అన్నది. నేను చాయ్‌పత్తి డబ్బ ఎతుకబట్టిన.

అంతటితోని ఇడువలే. "ఆ సెకండ్ షోల ఆడపిల్లలు ఎంతమంది ఉండిరి?"

లెక్క చేసుకున్న. ఒక్కరు లేరు. అర్ధరాత్రి లారీ ఎన్క కూసొని ఘాటెక్కే తొవ్వ మాకే ఉండె. నా వీడియో ఆటలల్ల కూడ రెండో సినిమా వరకు ఆడోళ్లను ఇంటికి పంపేది, పొద్దుగాల పనులుంటయి కద అని. నేను ఇంతసేపు చెప్పిన బుగులు ఊర్ల సగం మందికి ఎన్నడూ దొరకలే. ఈ పిల్లకు ఫోను కాకుంటే ఇంకేం దారి? ఇది నాకు అప్పుడు తట్టలే. ఇప్పుడు తట్టింది కాబట్టి చెప్తున్న, ఒప్పుకున్నట్టు రాసుకోకుండ్రి.

ఆ రాత్రి మనుమరాలు యూట్యూబ్‌ల "జగన్మోహిని" ఎతికి వాళ్లవ్వకు పెట్టింది. మా ఆమె ఆ సినిమాను నా నోటి నుంచి ఇన్నదే తప్ప కండ్లతోని చూడలే. అద్దాలు పెట్టుకొని, ఫోనును మూరెడు దూరం పట్టుకొని చూసింది. జయమాలిని కాళ్లు పొయ్యిల పెట్టింది. నేను ఆమె మొఖం దిక్కు చూస్తున్న, జడుసుకుంటదేమో అని. ఆమె నవ్వలే, జడుసుకోలే. కట్టెల కోసం ముప్పై ఏండ్లు అడివిలకు పోయిన మనిషి. "నాకూ గసొంటి కాళ్లుంటే ఎంత బాగుండు" అన్నది.

"మసూద" కూడ మనుమరాలే చూపెట్టింది, ఆహాల. 2022 సినిమా. ఒక చెవుల బిరడ నాకు, ఒక చెవుల తనకు. సంగీత తల్లి, బిడ్డకు ఏదో అయింది, పక్కింటి పిలగాడు తిరువీర్. పెద్ద పెద్ద మాటలు లేవు, హైదరాబాదుల ఉండే మామూలు అపార్టుమెంటు. "రాత్రి" చూసినప్పటి లెక్కనే మెల్లగ మెల్లగ గుంజుతది. ఒక దగ్గర మనుమరాలు వేలు ముంగటికి తెచ్చింది, 10 సెకండ్లు నూకనీకె. నేను చెయ్యి పట్టుకున్న. చూడనియ్యి అన్న. ఎందుకన్ననో ఏమో.

మల్ల ఆ మబ్బుల పోరని సంగతికొస్తా. ఆరు అయింది. చెక్‌పోస్టు పిలగాడు వచ్చి గేటు లేపిండు. ముంగట రెండు బండ్లు పోయినయి. మూడోది కదలలే, అదే కారు. ఎన్క నుంచి హారన్లు మొదలైనయి. బస్సాయన తల బయటికి పెట్టి తిడుతున్నడు. ఖాళీ గిలాస తెచ్చుకుందామని నేను పోయిన. అద్దం దించి ఉన్నది ఈసారి. పోరడు నా దిక్కు చూడకుండనే చెయ్యి లేపిండు.

"రెండు నిమిషాలు తాతా. క్లైమాక్సు."

బిరడాలు తీసేసిండు, ఫోను సప్పుడు బయటికే ఇనపడుతుంది. ఆ ఆడమనిషి ఇప్పుడు బాయి గడ్డకు నిలబడ్డది, ఆమె ఎన్క ఇంకెవరో ఉన్నరు, మొఖం కనపడతలేదు. నేను గిలాస కోసం పెట్టిన చెయ్యి కిటికీ మీదనే ఉంచిన, జర వంగిన. చెక్‌పోస్టు పిలగాడు విజిల్ ఊదుకుంట ఉరికొచ్చిండు. "ఏందిది, బండి తియ్యి! ఓ తాతా, నువ్వన్న చెప్పరాదా!"

"ష్" అన్న నేను.

వాడు విజిల్ నోట్లనే పెట్టుకొని నా భుజం మీది నుంచి లోపలికి చూసిండు. ఎన్క హారన్లు కొడుతనే ఉన్నరు.